కుర్చీ ఎందుకాగింది

జూన్ 3, సోమవారం

మా కంపెనీ కొత్త మోటారు చక్రాల కుర్చీ నడుస్తూ నడుస్తూ ఉన్నట్టుండి ఆగిపోతోందట. ఈ "ట" ఎందుకంటే నేను చూడలేదు. చూసింది మామయ్య ఒక్కరే, అందులో కూర్చునేది ఆయనే కాబట్టి.

ఈ మోడల్ ఇంకా అమ్మకానికి రాలేదు. వాడి చూసి చెప్పమని కొందరికి ముందే ఇచ్చారు. ఆ కొందరిలో మామయ్య ఉండటం వెనక నా పలుకుబడి ఏమీ లేదు. దరఖాస్తు నేనే నింపాను, సంతకం నేనే పెట్టించాను, మేనేజరు టేబుల్ మీద అన్నిటికంటే పైన నేనే పెట్టాను. అంతే.

ఆ మేనేజరుకి పచ్చలైటు అని పేరు పెట్టింది కూడా నేనే. స్క్రీన్ మీద పచ్చలైటు వెలిగితే చాలు, పక్కన కొంప అంటుకున్నా ఆయన నింపాదిగా టీ తాగుతాడు. ఇవాళ పిలిచి, కుర్చీలోని కెర్నల్ ఎక్కడ ఆలస్యం చేస్తోందో చూసే ట్రేసింగ్ టూల్ ముక్కలన్నీ అతుక్కుని బిల్డ్ కావడం లేదు, సంగతి చూడు, శుక్రవారానికి రిపోర్ట్ కావాలి అన్నాడు.

చూశాను. ఏదో లైబ్రరీ, అంటే ఇంకెవరో రాసిపెట్టిన కోడ్ మూట, లేదని ఎర్రక్షరాలతో తిట్టింది. నేనూ తిట్టాను.

జూన్ 4, మంగళవారం

ఇవాళ ఇంటి నుంచే పని. మామయ్య కుర్చీ నడుపుకుంటూ వచ్చి నా స్క్రీన్‌లోకి తొంగి చూశారు.

"పొద్దుట్నుంచీ ఏం వండుతున్నావమ్మా ఆ పెట్టెలో?"

"మీ కుర్చీ ఎందుకాగుతోందో చూసే టూల్ మామయ్యా. కుర్చీలో చిన్న కంప్యూటర్ ఉంది కదా, అందులో కెర్నల్ అని ఒకటుంటుంది. ఏ పని ముందు జరగాలి, ఏది ఆగాలి అనేది అదే చెప్తుంది."

"కండక్టరన్నమాట."

"అనుకోండి. ఆ కండక్టరు ఎక్కడ తాత్సారం చేస్తున్నాడో మనం కనిపెట్టాలి."

"అయితే నువ్వు తయారు చేసేది చెకింగ్ ఇన్‌స్పెక్టర్ని." ఆయన బతుకంతా సిటీ బస్సు నడిపారు. కాళ్ళు పనిచెయ్యడం మానేసినా మనిషి ఇంకా బస్సులోనే ఉన్నారు. కుర్చీకున్న జాయ్‌స్టిక్‌ని గేరు అంటారు, మా వంటింటి గుమ్మాన్ని స్టాపు అంటారు. "త్వరగా ఎక్కించమ్మా మీ ఇన్‌స్పెక్టర్ని. మీవాడు నన్ను గేటు దాటనివ్వడం లేదు. రోడ్డు మధ్యలో ఆగిపోతే ఏంటి అంటాడు. పార్కుకి వెళ్ళాలన్నా వెనక ఒకళ్ళు రావాలట. బస్సు నడిపేవాడి వెనక ఎవడన్నా నడుచుకుంటూ వస్తాడా?"

మీవాడు అంటే ఆయన కొడుకే, అనగా మా ఆయన. మంచి పని చేస్తే మావాడు, లేకపోతే మీవాడు.

మధ్యాహ్నానికి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఆ లైబ్రరీ కెర్నల్ లోపలి సంఘటనల్ని చదివేది. మామూలు కంప్యూటర్‌కైతే క్షణంలో దొరుకుతుంది, కుర్చీలో ఉండే చిన్న బోర్డుకి మాత్రం విడిగా కట్టుకోవాలి. ఎర్రక్షరాల కింద ఇంకో దారి కూడా చూపించింది: తెచ్చి పెట్టు, లేదా ఇది అక్కర్లేదని ఒక్క మాట రాసి ముందుకు పో.

ఒక్క మాట రాశాను. బిల్డ్ అయిపోయింది. పచ్చలైటు వెలిగింది.

తాత్కాలికంగానే. రేపు తీరిగ్గా తెచ్చి పెడతాను.

జూన్ 5, బుధవారం

రేపు అన్నాను కదా. రేపే.

జూన్ 7, శుక్రవారం

మరమేకు నిన్న మా ఇంటికొచ్చి కుర్చీలో ఆ టూల్ పెట్టి వెళ్ళింది. మరమేకు అంటే కుర్చీల మోటార్లు చూసే అక్క, చేతిలో స్క్రూడ్రైవర్ లేకుండా ఆమెను ఎవరూ చూడలేదు. మామయ్య రోజంతా ఇంటి చుట్టూ తిరిగారు. రెండుసార్లు ఆగిందని చెప్పారు. రిపోర్ట్‌లో ఆలస్యం ఒక్కటీ లేదు. శుభ్రంగా, ఖాళీగా, కడిగిన పళ్ళెంలా ఉంది.

పచ్చలైటు ఎంత మురిసిపోయాడో. "చూశావా, కుర్చీలో ఏ లోపమూ లేదు!"

"మరి ఎందుకాగుతోంది సార్?"

"పెద్దాయన కదమ్మా. చెయ్యి వణుకుతుంది. వణికినప్పుడు జాయ్‌స్టిక్ జారుతుంది. జారితే ఆగుతుంది. ఆగాలి కూడా, అది మన కుర్చీ గొప్పతనం." నవ్వుతూనే రాసేసుకున్నాడు. వచ్చే శుక్రవారం డైరెక్టర్ల మీటింగ్. చెయ్యి స్థిరంగా లేనివాళ్ళ దగ్గర్నుంచి కుర్చీ వెనక్కి తీసుకోవాలని అందులో పెడతాడట. మామయ్య ఒక్కరే ఆ జాబితాలో.

నాకేమీ అనిపించలేదు. యంత్రం చెప్పింది, అంతే. మామయ్యకి డెబ్బై దాటాయి. వణకొచ్చు. అందరికీ వణుకుతుంది. నాకూ ఇప్పుడు కాస్త వణుకుతోంది, కాఫీ ఎక్కువ తాగాను.

జూన్ 8, శనివారం

చెప్పక తప్పలేదు, చెప్పాను. మామయ్య గట్టిగా నవ్వారు. "నా చెయ్యా? స్టీరింగ్ మీద గ్లాసు పెట్టి నడిపినవాణ్ణి!" అన్నారు. ఎవరూ నవ్వకపోయేసరికి ఆపేశారు.

మా ఆయన మెల్లగా, "నాన్నా, వయసు మీదపడుతోంది కదా," అన్నాడు. సాయంత్రం అత్తయ్య ఆయన టీ కప్పు సగమే నింపింది. ఆ సగం కప్పు చూసి ఆయన మొహం ఎలా అయిందో రాయను. తర్వాత అత్తయ్య, ఆ మాటే మరిపించాలని కాబోలు, ఈ వీధిలోకి బస్సులు రావు కదా, మరి పది రోజులుగా బస్సు హారన్ ఎవడు కొడుతున్నాడో దొరికితే చెంప పగలగొడతాను అని కేకలేసింది. మామయ్య కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు.

బట్టలు ఆరేసి వస్తుంటే ఆయన గది తలుపు ఓరగా ఉంది. గ్లాసు నిండా నీళ్ళు పోసుకుని, చెయ్యి బారచాపి పట్టుకుని, కన్నార్పకుండా దాన్నే చూస్తున్నారు. నీళ్ళు కాసిని చొక్కా మీద ఒలికాయి. తువ్వాలుతో తుడుచుకుని మళ్ళీ నింపారు. నేను పిల్లిలా వెనక్కి వచ్చేశాను.

జూన్ 9, ఆదివారం

నా పని నేను చేశాను.

జూన్ 10, సోమవారం

నా పని నేను చెయ్యలేదు.

ఊరికే, కేవలం ఊసుపోక, పోయిన వారం బిల్డ్ లాగ్ తెరిచాను. పైనే ఒక వరస ఉంటుంది, టూల్ తనలో ఏమేం ఉన్నాయో ఏమేం లేవో చెప్పుకునేది. ఎవరూ చదవరు. నేనూ చదవలేదు. అందులో ఉంది: కెర్నల్ సంఘటనలు చదివే లైబ్రరీ, ఆఫ్. దాన్ని ఆఫ్ చేసిన మహాతల్లిని నేనే. పైగా రిపోర్ట్ తీసే స్క్రిప్టు తప్పులొస్తే నోరు మూసుకునే రకం, ఎందుకంటే పచ్చలైటుకి ఎరుపు పడదు. టూల్ పాపం నాకేమీ కనబడటం లేదని అరిచే ఉంటుంది. ఆ అరుపు మేమే మింగేశాం.

ఇన్‌స్పెక్టర్ కళ్ళు పీకి బస్సెక్కించాను. ఆయన దిగి అంతా సవ్యంగానే ఉందన్నాడు. ఆ మాట పట్టుకుని డ్రైవరు ఉద్యోగం పీకుతున్నారు.

ఛీ. సిగ్గేస్తోంది. ఇంత సిగ్గు ఎప్పుడూ వెయ్యలేదు. శుక్రవారం లోపల ఆ లైబ్రరీ తేవాలి.

జూన్ 11, మంగళవారం

తెచ్చాను. రాను అంది. నాకు లిబ్ ఎల్ఫ్ అనే ఇంకో లైబ్రరీ కావాలి అని టూల్ ఇంకో పేచీ పెట్టింది. సరే, లిబ్ ఎల్ఫ్ తెచ్చాను. అది జీ లిబ్ లేకుండా గుమ్మం దాటనంది. ఒకాయన్ని భోజనానికి పిలిస్తే బావమరిది లేకుండా రాననడం, బావమరిది వాళ్ళావిడ లేకుండా రాననడం. జీ లిబ్ తెచ్చాను. అందరూ వచ్చి కూర్చున్నారు కదా అనుకుంటే, ఫార్మాట్ తప్పు అని మొత్తం విస్తళ్ళు లేపేసింది.

ఎందుకా అని గంటల తరబడి చూస్తే, కుర్చీ బోర్డు కోసం కట్టిన లైబ్రరీ వదిలేసి, నా లాప్‌టాప్‌లో ఉన్న అదే పేరుగల దాన్ని పట్టుకొచ్చి అతికిస్తోంది. పక్కింటి అల్లుణ్ణి మనల్లుడనుకుని కాళ్ళు కడిగినట్టుంది.

పచ్చలైటు వచ్చి, "ఏంటమ్మా, పోయిన వారమే అయిపోయింది కదా, మళ్ళీ ఎరుపేంటి?" అన్నాడు.

"చిన్న మెరుగులు సార్."

"పచ్చగా ఉన్నదాన్ని ఎందుకు కెలుకుతావు?"

నోటి దాకా వచ్చింది. మింగేశాను. టూల్ కళ్ళు తెరిచాక చెప్తాను, ఇప్పుడు చెప్తే వద్దంటాడు.

జూన్ 12, బుధవారం

వెతికే దారులన్నీ మూసేసి, కుర్చీ బోర్డు లైబ్రరీలున్న చోటే చూడు, ఇంకెక్కడా చూడకు అని కట్టడి చేశాను. బిల్డ్ అయింది. లాగ్‌లో ఆ వరస ముందు చదివాను. అన్నీ ఆన్. స్క్రిప్టు నోటికున్న గుడ్డ కూడా తీసేశాను.

మధ్యాహ్నం సెలవు పెట్టి ఇంటికొచ్చాను. మామయ్యని బతిమాలి బయటికి తీసుకెళ్ళాను. ముందు ఆయన, వెనక లాప్‌టాప్ చేతుల మీద మోసుకుంటూ నేను. దారినపోయేవాళ్ళు ఊరేగింపులా చూశారు. ఆయనకి కుర్చీ మీద పూర్వపు హుషారు లేదు. గేరుని రెండు చేతులతో పట్టుకున్నారు.

బేకరీ మలుపులో కాలిబాట కాస్త పగిలి ఉంది. కుదుపు. కుర్చీ టక్కున ఆగింది.

"నేను వదల్లేదమ్మా!" అన్నారు, తప్పు చేసి దొరికినట్టు. "చూడు, గట్టిగానే పట్టుకున్నాను!"

నేను ఆయన చేతుల్ని చూడలేదు, స్క్రీన్ చూశాను. కళ్ళకు కట్టినట్టుంది. గేరు ఏమంటోందో చూడాల్సిన పని వరసలో నిలబడి ఉంది. దాని ముందు ఫోన్ చార్జింగ్ పోర్టు తాలూకు కోడ్ దారికడ్డంగా కూర్చుంది. ఎవరో తగిలించారు, ఊడింది, తగిలించారు, ఊడింది అని ఒకటే హడావిడి. అది తేలేదాకా గేరు మాట వినే నాథుడు లేడు. తగిలించిన వస్తువు పేరు కూడా ఉంది. స్పీకర్.

"మామయ్యా, కుర్చీకి స్పీకర్ ఎందుకుంది?"

"స్పీకరా? ఏ స్పీకరు?"

"కాస్త ముందుకు జరగండి."

"అక్కడేం లేదమ్మా. దిండు అంతే."

దిండు కింద సబ్బుపెట్టె అంత స్పీకర్, దాన్నుంచి పోర్టుకి వదులు వైరు, వైరు కనబడకుండా టేపు. ఫోన్ తప్ప ఏమీ తగిలించకూడదని కంపెనీ కాగితం మీద ఆయన చేత సంతకం పెట్టించింది నేనే. నొక్కి చూశాను. బస్సు హారన్. బేకరీ మెట్ల మీద ఉన్నావిడ ఎగిరిపడింది.

నాకు నవ్వాగలేదు, కోపమూ ఆగలేదు. "మీకిదేం పని మామయ్యా!"

ఆయన దిండు మళ్ళీ సర్దుకున్నారు. "ఈ కుర్చీకి చప్పుడు లేదమ్మా. వెనకనుంచి వెళ్తే ఎవరూ తప్పుకోరు. జరగండి బాబూ, జరగండమ్మా అని అడుక్కుంటూ పోవాలి. బతుకంతా హారన్ కొట్టి దారి తీసుకున్నవాణ్ణి. అడుక్కోవడం చేతకాలేదు."

తర్వాత చాలా మెల్లగా, "అయితే... నా చెయ్యి కాదా?" అన్నారు.

"కాదు మామయ్యా. మీ చెయ్యి కదల్లేదు."

"నేను చెయ్యేననుకున్నానమ్మా. నిన్నటి నుంచి గ్లాసు కూడా పట్టుకోవడం మానేశాను."

బేకరీ ముందు, అందరూ చూస్తుండగా, లాప్‌టాప్ పట్టుకుని భోరుమన్నాను. ఆయనే నన్ను ఓదార్చి, ఒక కేకు ముక్క ఇప్పించి, ఇంటికి తీసుకొచ్చారు.

జూన్ 13, గురువారం

మామయ్య పొద్దున్నే స్పీకర్ పీకేసి నా చేతిలో పెట్టారు. "ఇంకాగదుగా. ఎవరికీ చెప్పకమ్మా."

నిజమే. ఇంకాగదు. సమస్య తీరిపోయింది. సుఖాంతం. ఇంత చిన్నదానికి ఇంత రాద్ధాంతం అక్కర్లేదు.

సాయంత్రం.

తీరలేదు. రేపటి మీటింగ్ కాగితాల్లో చెయ్యి వణుకుడు అలాగే ఉంది. స్పీకర్ సంగతి చెప్తే నిబంధన తప్పారని కుర్చీ పోతుంది. చెప్పకపోతే చెయ్యి పేరు చెప్పి కుర్చీ పోతుంది. ఎటు తిరిగినా గోడే. పైగా ఆఫీసు గోడ మీద మా కుర్చీ పోస్టర్ ఉంది: ఫోన్ చార్జ్ చేసుకుంటూ హాయిగా తిరగండి. రేపు ఎవరో ఒకావిడ వదులు వైరుతో ఫోన్ తగిలించుకుని రోడ్డు దాటుతుంది.

మరమేకుకి అంతా చెప్పేశాను. ఆమె కళ్ళు ఆర్పకుండా విని, "ఆ హారన్ ఎక్కడ కొన్నారే? మా నాన్నకి కూడా కావాలి," అంది.

"అక్కా, నేను ఏడుస్తుంటే!"

"ఏడుపెందుకే పిచ్చిదానా. పోర్టుకి ఏది వదులుగా తగిలించినా ఇంతే కదా? మరి స్పీకరే ఎందుకు? ఫోను చాలదూ?"

నిజంగానే చాలు. నాకెందుకు తట్టలేదో.

జూన్ 14, శుక్రవారం

అంతా రాయాలి. ఒక్క ముక్క కూడా పోనివ్వను.

డైరెక్టర్లు లోపల కూర్చున్నారు. ఇంకో కుర్చీ, అదే మోడల్, మరమేకు బయట సిద్ధం చేసింది. నేను పచ్చలైటు దగ్గరికెళ్ళి వినయంగా చేతులు కట్టుకున్నాను. "సార్, చెయ్యి స్థిరంగా ఉన్నవాళ్ళు నడిపితే కుర్చీ ఎంత బాగుంటుందో డైరెక్టర్లకి మీరే చూపిస్తే..."

ఆయనకి అంతకంటే ఏం కావాలి. టై సర్దుకుని ఎక్కి కూర్చున్నాడు. మరమేకు, "సార్, మీ ఫోను చార్జింగ్ పెట్టనా? పోస్టర్‌లో ఉన్నట్టే ఉంటుంది," అని తన దగ్గరున్న వైర్లలో అన్నిటికంటే దిక్కుమాలిన వైరు తగిలించింది. ట్రేస్ పెద్ద స్క్రీన్ మీద పెట్టాను.

నడవలో రాజులా వచ్చాడు. మీటింగ్ రూము గుమ్మంలో ఇత్తడి పట్టీ ఉంది. ముందు చక్రాలు దాని మీద ఎక్కాయి. కుదుపు. టక్. కుర్చీ సగం లోపల, సగం బయట. లోపలివాళ్ళు బయటికి రాలేరు, బయటివాళ్ళు లోపలికి పోలేరు. కుర్చీ అర క్షణానికి కదిలి, పట్టీ మీద మళ్ళీ కుదుపు, మళ్ళీ ఆగడం. పచ్చలైటు మొహం ఎర్రబడింది. ఆ రంగు ఆయన మీద చూడటం ఇదే మొదలు.

"నేను వదల్లేదు! చూడండి, గట్టిగానే పట్టుకున్నాను!" అని అరిచాడు.

"మామయ్య కూడా అదే అన్నారు సార్," అన్నాను. "ఆయన మాట ఎవరం నమ్మలేదు."

స్క్రీన్ మీద అంతా ఉంది: గేరు ఎదురుచూడటం, పోర్టు దాన్ని ఆపెయ్యడం. చూపించాను. ఒక డైరెక్టరు అడిగింది, "మరి పోయిన వారం రిపోర్ట్‌లో ఇది ఎందుకు లేదు?"

ఇక్కడ జారుకునే దారి ఉంది. టూల్ పాతది అనొచ్చు. "పోయిన వారం టూల్‌కి కళ్ళు లేవు మేడమ్. ఒక లైబ్రరీ దొరకలేదని నేనే తీసేసి బిల్డ్ చేశాను. చూడలేని దాన్ని పట్టుకుని ఏమీ లేదని మనం రాసుకున్నాం. ఆ ఏమీ లేకపోవడాన్ని ఒక పెద్దాయన చేతి మీద తోశాం. తప్పు నాది. ఆయన చేతి గురించి రాసిన వాక్యం కొట్టేస్తే తప్ప నేనిక్కణ్ణుంచి కదలను."

మరమేకు, "ఎవరూ కదలలేరు లెండి, సార్ గుమ్మంలో ఉన్నారు," అంది.

కొట్టేశారు. పెన్నుతో, నా కళ్ళముందు. మామయ్య కుర్చీ మామయ్యకే. పోర్టు కోడ్ సరిచేసేదాకా ఏ కుర్చీకీ ఏదీ తగిలించకూడదు. నాకు మాత్రం గట్టిగానే చీవాట్లు పడ్డాయి, హాయిగా తిన్నాను. స్పీకర్ సంగతి ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు. తర్వాత ఎప్పుడైనా చెప్తాను.

చెప్పనేమో.

జూన్ 18, మంగళవారం

ఇకమీదట ఏ లైబ్రరీ లేకపోయినా బిల్డ్ అక్కడే ఆగిపోయి గోల పెట్టేలా రాశాను. పొద్దుట్నుంచీ అంతా ఎరుపే. పచ్చలైటు నాతో మాట్లాడటం లేదు. టీ కూడా తాగడం లేదు పాపం.

జూన్ 20, గురువారం

పోర్టు కోడ్ సరైంది. ఎంత ఊడదీసి తగిలించినా గేరు మాట ముందు వింటోంది. సాయంత్రం మామయ్య కుర్చీలో కొత్త బిల్డ్ పెట్టాను. మా ఆయన ఆ పగిలిన కాలిబాట మీద తనే కూర్చుని పదేపదే నడిపి చూసి, మామయ్య దగ్గరికెళ్ళి తల గోక్కుంటూ నిలబడ్డాడు. "నాన్నా, నేను..." అన్నాడు. "సర్లేరా, దిగు ముందు," అన్నారు ఆయన.

జూన్ 22, శనివారం

భోజనమైన తర్వాత మామయ్య కుర్చీ తీసుకుని బయటికెళ్ళారు. ఒక్కరే. ఎక్కడికి అని అత్తయ్య అడిగితే జవాబు చెప్పలేదట. మా ఆయన ఫోన్ చేస్తే కట్ చేశారట. పార్కులో లేరని పక్కింటాయన చెప్పాడు. అత్తయ్య గేటు దగ్గర నిలబడి, ఈ మనిషికి బుద్ధి ఎప్పుడొస్తుందో అని సణుగుతోంది, సణుగుతూనే నవ్వుతోంది. పొద్దు వాలుతోంది. ఆయన ఎక్కడున్నారో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. నాకు ఇంత సంతోషంగా ఎప్పుడూ లేదు.